కాన్పుకీ కోతకీ నడుమ

ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ల ఆరోగ్యం మీద రెండు లెక్కలున్నాయి. రెండూ సర్కారువే, రెండూ దాదాపు ఒకే కాలానివి. మొదటిది చూస్తే సంతోషపడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం రాష్ట్రంలో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018–20 లెక్కల్లో, ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు ఇక్కడ చనిపోయిన తల్లులు 45 మంది. దేశం మొత్తమ్మీద అది 97. రెండో లెక్క దగ్గర మాత్రం ఆగిపోవాలి. అదే సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. తెలంగాణ 8.2తో మన వెనకే ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంగతి ఈ రెండు లెక్కలనూ కలిపి చూస్తేగాని అర్థం కాదు. ఆసుపత్రి ఇక్కడి ఆడమనిషిని రెండుసార్లు గట్టిగా పట్టించుకుంటుంది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు ఒకసారి, కడుపులోంచి సంచి తీసేటప్పుడు మరోసారి. ఈ రెంటికీ నడుమ పదిహేను, ఇరవయ్యేళ్లు ఉంటాయి. నెలనెలా అధిక రక్తస్రావం, తెల్లబట్ట, నడుంనొప్పి, నీరసం, అన్నీ ఆ నడుమే. వాటికోసం పీహెచ్‌సీకి వెళ్లిన మనిషికి దొరికేది తరచూ నాలుగు మాత్రల పొట్లం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికెళ్తే సూది. ఈ రెంటితో తగ్గకపోతే పట్నంలో స్కానింగు, ఆ తర్వాత ఆపరేషను. మెట్లు చాలా తక్కువ, నేల నుంచి ఏకంగా మేడ మీదికే.

ఈ ప్రాంతమంటే ఒకటే ఊరు కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు, కురుపాం కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. జనం మాటల్లో అవింకా శ్రీకాకుళం, విజయనగరం కిందే ఉన్నాయి, ఇక్కడా అలాగే లెక్కేద్దాం. ఒక పక్క సవర, జాతాపు, గదబ, కొండదొరల కొండలు. మరో పక్క ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మత్స్యకారుల తీరం. నడుమ వరిచేలు, పలాస జీడి బట్టీలు, నెల్లిమర్ల జూటుమిల్లు. వీటన్నిటి మీదుగా చెన్నైకీ హైదరాబాదుకీ వెళ్లే వలస రైళ్లు. నొప్పి ఒకటే అయినా దాన్ని చూపించుకునే దారి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

మొదట్నుంచీ చూద్దాం. పిల్ల పెద్దమనిషైతే మన వైపు చిమ్మిలి దంచి పెడతారు. నువ్వులూ బెల్లమూ కలిపి రోట్లో దంచిన ముద్ద అది. అమ్మమ్మలకు హిమోగ్లోబిన్ సంగతి తెలియకపోయినా, రక్తం పోయే ఒంటికి బలమైన తిండి కావాలని తెలుసు. చిక్కేమిటంటే ఆ పెట్టడం వేడుక జరిగిన వారం పది రోజులే. తర్వాత నలభయ్యేళ్లు నెలనెలా రక్తం పోతుంది, చిమ్మిలి మాత్రం మళ్లీ కనబడదు. చోడి అంబలి, గంటి అన్నం తిన్న ఊళ్లలో ఇప్పుడు మూడు పూటలా తెల్ల వరన్నమే. పైన టీ. టీలోని పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు.

బడిలో కొంత పని జరిగింది, ఒప్పుకోవాలి. 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇచ్చే పథకం మొదలైంది. 15–24 ఏళ్లవాళ్లలో శుభ్రమైన పద్ధతులు వాడేవాళ్లు రాష్ట్రంలో 85 శాతం దాకా ఉన్నారని సర్వే చెప్తోంది. అయితే న్యాప్‌కిన్ అందినంత మాత్రాన అయిపోదు. దాన్ని మార్చుకునే చోటు, పారేసే చోటు కావాలి. ఉభాల రోజుల్లో మడిలో మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా చాటు దొరకదు. గుడ్డ వాడేవాళ్లు దాన్ని ఎండలో ఆరేయడానికి సిగ్గుపడి, చూరు కిందో తడికె వెనకో దాస్తారు. గుడ్డ వాడటంలో తప్పు లేదు, సరిగ్గా ఉతికి ఎండలో ఆరనిస్తే చాలు. తప్పంతా ఆ దాచడంలోనే ఉంది. మరుగుదొడ్డి లేనిచోట పగలు నీళ్లు తాగడం మానేసే అలవాటూ దీనికి తోడవుతుంది. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు అక్కణ్నుంచే మొదలవుతాయి.

నెలసరిలో అన్నిటికంటే తక్కువ అంచనా వేసే సమస్య రక్తస్రావం. ఒక నెలసరిలో మామూలుగా పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధిక రక్తస్రావం అన్నది వైద్య శాస్త్రం పాత కొలత. కొలిచి చూసేదెవరు? అందుకే డాక్టర్లు ఇలా అడుగుతారు: ప్యాడ్ రెండు గంటలైనా ఆగకుండా తడిసిపోతోందా, గడ్డలు పడుతున్నాయా, ఏడు రోజులు దాటుతోందా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తోందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా చూపించుకోవాల్సిందే. కానీ మన ఇళ్లలో అమ్మకీ అంతే, అత్తకీ అంతే, కాబట్టి కూతురికీ అంతే. నలుగురికీ ఉన్న జబ్బు జబ్బులా కనబడదు.

దీని వెనక లెక్క చిన్నదే. హిమోగ్లోబిన్ 12 ఉన్న మనిషికి ఒక మిల్లీలీటరు రక్తంతో పోయే ఇనుము దాదాపు 0.4 మిల్లీగ్రాములు. 80 మిల్లీలీటర్లు పోతే 32 మిల్లీగ్రాములు. వరన్నం, పలచటి పప్పు, చింతపండు పులుసు తినే మనిషి పేగులు రోజుకి ఇముడ్చుకునే ఇనుము మహా అయితే ఒకటి రెండు మిల్లీగ్రాములు. అందులోనూ చాలావరకు ఒంటి రోజువారీ అరుగుదలకే సరిపోతుంది. అంటే ఆమె ప్రతి నెలా అప్పుతోనే మొదలుపెడుతోంది. ఆ అప్పు మీద గర్భం వస్తే మొత్తం తొమ్మిది నెలలకూ ఇంకో వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి, గర్భిణుల్లో 53.7 శాతానికి రక్తహీనత ఉందంటే కారణం ఎక్కడో వెతకనక్కర్లేదు. అంతకు ముందటి సర్వేలో (2015–16) ఆ మొదటి అంకె 60. ఈ నడుమ ఇనుము మాత్రలు పంచారు, గుడ్లు పంచారు, పథకాల పేర్లు మారాయి. తగ్గింది ఒక్క శాతం చిల్లర. పెట్టేదాని గురించి ఆలోచించి, కారిపోయేదాని గురించి ఆలోచించకపోవడమే ఇందుకు ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఏ రక్తహీనత కార్యక్రమంలోనైనా పెళ్లికాని పిల్లని, ముగ్గురు పిల్లల తల్లిని, "నీకు నెలసరి ఎన్ని రోజులు అవుతోందమ్మా" అని అడిగి రాసుకునే గడి ఉండాలి.

మాత్రలతో మరో చిక్కు ఉంది. వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మలం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు. అన్నం తిన్నాక, టీకి దూరంగా, వీలైతే నిమ్మరసంతో వేసుకుంటే చాలామందికి పడుతుంది. నల్లటి మలం మందు రంగే తప్ప జబ్బు కాదు. ఈ రెండు ముక్కలూ చెప్పడానికి ఆశా కార్యకర్తకు రెండు నిమిషాలు చాలు. ఆమెకి ఆ రెండు నిమిషాలు మిగలనంత యాప్‌ల పని అప్పజెప్పాం.

కొండల మీద ఇంకో మెలిక. అక్కడ రక్తం తక్కువన్నదల్లా ఇనుము లోటు కాదు. గిరిజనుల్లో ఎర్రకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు ఉంది. కేంద్రం 2023 జులైలో ఆ జబ్బు నిర్మూలనకు ప్రత్యేకంగా ఒక మిషన్ మొదలుపెట్టింది. దానికి తోడు మలేరియా, ఉత్తకాళ్లతో తిరిగే నేల నుంచి వచ్చే కొంకిపురుగులు. సికిల్ సెల్ ఉన్న గర్భిణికి ఇనుము మాత్రలు మాత్రమే ఇచ్చి పంపితే ఆమె జబ్బు అలాగే ఉంటుంది, పైగా కాన్పు దగ్గర పడేకొద్దీ ముప్పు పెరుగుతుంది. సీతంపేట, పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో మొదటి గర్భ పరీక్షలోనే ఈ రక్తపరీక్ష కూడా కలిపి చేయాలి. పెళ్లికి ముందే చేయగలిగితే మరీ మంచిది.

తెల్లబట్ట గురించి ఆడవాళ్లు డాక్టరుకి చెప్పేదానికంటే దాచేదే ఎక్కువ. ఒంట్లో సత్తువంతా అలా కారిపోతోందని భయం. కొంత తెల్లబట్ట సహజం. నెలసరికి నడిమధ్య రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. వాసన, దురద, పచ్చటి రంగు, పొత్తికడుపు నొప్పి తోడైతేనే జబ్బు. దానికి చాలాసార్లు వారం రోజుల మందు చాలు, అవసరమైతే భర్తకీ ఇవ్వాలి. ఆ భర్తకి ఇవ్వడం దగ్గరే చాలా వైద్యాలు ఆగిపోతాయి. తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చువేశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా అలాంటి పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. గర్భం లేని ఆడదానికి కూడా గర్భాశయం ఉంటుందని ప్రజారోగ్య శాఖలకు గుర్తు చేసిన పని అది. దాన్ని అచ్చువేసి మూడున్నర దశాబ్దాలయింది. మన పీహెచ్‌సీల్లో ఎన్నిటిలో ఇవాళ ఆడవాళ్లని చాటుగా పరీక్షించడానికి బల్ల, తెర, లైటు, ఒక లేడీ డాక్టరు నాలుగూ ఒకేరోజు దొరుకుతాయో ఎవరికి వాళ్లు తమ మండలంలో చూసుకోవచ్చు.

ఇక పెళ్లీడు. 20–24 ఏళ్లవాళ్లలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు రాష్ట్రంలో 29.3 శాతం, దేశంలో 23.3. సర్వే నాటికి 15–19 ఏళ్లకే తల్లయినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు 12.6 శాతం. దేశ సగటు 6.8కి ఇది దాదాపు రెట్టింపు. ఈ విషయంలో మన ప్రాంతానికి పాత చరిత్రే ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టీ తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయని గురజాడ 'కన్యాశుల్కం' 1897 ముద్రణకు రాసిన ముందుమాటలో చెప్పారు. అయిదేళ్లకే పెళ్లయిన పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు కూడా ముగ్గురున్నారు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు పదహారుకో పదిహేడుకో పెళ్లి, పద్దెనిమిదికి కాన్పు. తన ఒళ్లే ఇంకా ఎదుగుతున్న పిల్లకు బిడ్డ బరువు తోడవుతుంది. తక్కువ బరువు బిడ్డ, రక్తపోటు, కష్టమైన కాన్పు ఆ వయసు తల్లుల్లోనే ఎక్కువ. పైగా వయసు బయటపడుతుందన్న భయంతో కార్డు రాయించుకోవడానికే ఆలస్యం చేస్తారు. మొదటి మూడు నెలల పరీక్షలు అలా పోతాయి.

గర్భిణికి కాళ్లకు నీరు పడితే మన ఇళ్లలో "మామూలే, కాన్పయితే పోద్ది" అంటారు. సగం నిజం. పాదాలకు కాస్త వాపు చాలామందికి వస్తుంది. కానీ ముఖం, చేతులు ఉబ్బి, తలపోటుతో కళ్లు మసకలు కమ్మి, డొక్క పైభాగాన నొప్పి వస్తే అది రక్తపోటు విషమిస్తున్న సూచన. అది ముదిరితే గుర్రపువాతం, అంటే మూర్ఛలు. ఒకప్పుడు దాన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి కోసం పరిగెత్తేవారు. దీనికి విరుగుడు మెగ్నీషియం సల్ఫేటు. ఖరీదు కూడా కాదు. 33 దేశాల్లో పదివేల మంది గర్భిణులపై జరిగి 2002లో వెలువడిన మాగ్‌పై పరీక్షల్లో ఇది మూర్ఛల్ని సగానికి తగ్గించిందని తేలింది. పెద్దాసుపత్రికి పంపే ముందు పీహెచ్‌సీలోనే రెండు పిర్రలకూ మొదటి డోసు ఇచ్చేయొచ్చు. ఇవ్వకుండా 108లో ఎక్కించి పంపితే ఆ గంట ప్రయాణమే ప్రాణాంతకం కావచ్చు.

కాన్పు తర్వాతి రక్తస్రావం కూడా ఇలాంటిదే. అరలీటరు దాటి పోతే ప్రమాదం అని పుస్తకం అంటుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి అంతకు మించి పోయినా తట్టుకోవచ్చు, 7 ఉన్న తల్లికి అరలీటరు కూడా ఎక్కువే. నెలసరిలో పదేళ్లుగా పోగైన అప్పు వసూలయ్యేది ఈ గంటలోనే. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాదాపు 130 కిలోమీటర్లు, అక్కణ్నుంచి విశాఖ కేజీహెచ్‌కి ఇంకో 110. అందుకే ఆ చివరి ఊళ్లవాళ్లు రాష్ట్రం దాటి పాతిక కిలోమీటర్ల దూరంలోని బరంపురానికే పోతారు. వాళ్లది తెలివైన పనే. విజయనగరంలో ఘోషాసుపత్రి, శ్రీకాకుళంలో 2008లో వచ్చిన రిమ్స్, 2023లో విజయనగరానికి వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల దూరాన్ని కొంత తగ్గించాయి. కానీ రాత్రి రెండింటికి మత్తు డాక్టరు, రక్తం, ఆపరేషను గది ఈ మూడూ ఉండాల్సింది టెక్కలిలో, పలాసలో, పాలకొండలో, పార్వతీపురంలో.

కొండల మీద దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం. సాలూరు, శృంగవరపుకోట మండలాల గిరిశిఖర గ్రామాల నుంచి గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఫొటోలు ఏటా పేపర్లో వస్తూనే ఉన్నాయి. రెండు కర్రలు, ఒక దుప్పటి, నలుగురు మగవాళ్లు. రోడ్డు వేయాలన్నది అందరూ చెప్పే మాట, వేయాల్సిందే. అయితే అంతవరకూ ఆగకుండా చేసిన మంచిపని ఒకటి ఇక్కడే ఉంది. 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టింది. నెలలు నిండుతుండగానే కొండ దింపి, తిండి, పరీక్షలు అక్కడే చూసి, నొప్పులొచ్చాక పక్కనున్న ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇంట్లో పెద్దపిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగతో కొందరు రారు. వచ్చినవాళ్లు కూడా నాలుగు రోజులుండి వెళ్లిపోవాలని చూస్తారు. తల్లితో పాటు చిన్నపిల్లల్నీ, తోడుకి ఓ పెద్దమ్మనీ ఉండనిస్తే ఈ బెంగ చాలావరకు తీరుతుంది.

మైదానంలో కథ వేరే. అక్కడ కత్తి త్వరగా లేస్తోంది. 2019–21 సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 63 శాతం. దేశ సగటు 21.5. అవసరమైన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇరవయ్యేళ్లకి మొదటిది చేస్తే ఇరవై రెండుకి రెండోదీ చాలావరకు అదే అవుతుంది. దాంతోపాటే కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయిపోతుంది. పాత కోత దగ్గర మాయ అతుక్కోవడం, లోపల అతుకులు పడి పొత్తికడుపు నొప్పి, నెలసరి తర్వాత కూడా చుక్కలుగా కనబడటం కొందరికి ఈ కోతల ఫలితమే. ముప్పై ఏళ్లకి ఆ నొప్పులతో డాక్టరు దగ్గరికెళ్తే ఆ పాత కోతను ఎవరూ గుర్తు చేసుకోరు.

పురుడు పుట్టింట్లో పోసుకోవడం మన ఆచారం. మంచిదే, విశ్రాంతి దొరుకుతుంది. కాకపోతే గర్భం లెక్క అత్తవారి ఊరి ఏఎన్ఎం దగ్గర, కాన్పు లెక్క పుట్టింటి ఊరి ఏఎన్ఎం దగ్గర, చెన్నైలో పనిచేస్తే అక్కడి లెక్క అసలే లేదు. కాన్పు తర్వాత ఆరు వారాల పరీక్ష ఈ సందులోనే జారిపోతుంది. బాలింత పథ్యంలో మంచీ చెడూ కలిసే ఉన్నాయి. తెలగపిండి మునగాకు కూర, పాలు పడతాయని పెట్టే పాలసొర, వెల్లుల్లి ఇవి భేషైన తిండి. నీళ్లు తాగనివ్వకపోవడం, పండ్లు, పప్పు మాన్పించడం మాత్రం రక్తం పోయిన ఒంటికి పగవాడు కూడా చేయని పని. కాన్పయ్యాక కూడా ఆర్నెల్లు ఇనుము మాత్రలు వేసుకోవాలన్న సంగతి ఎంతమంది తల్లులకు చెప్తున్నారో అనుమానమే.

కుటుంబ నియంత్రణ భారం మొత్తం ఆడవాళ్ల మీదే పడింది. అదే సర్వేలో, రాష్ట్రంలో పెళ్లయిన 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 69.6 శాతం ఆపరేషన్ చేయించుకున్నారు, దేశంలో 37.9. మగవాళ్ల వేసెక్టమీ అర శాతం కూడా లేదు. ఆపరేషనయ్యాకే నెలసరి ఎక్కువైందని చాలామంది చెప్తారు. అమెరికాలో పెద్దఎత్తున జరిగి 2000లో వెలువడిన అధ్యయనం అలాంటి సంబంధమేమీ లేదంది. అలాగని వాళ్ల మాట కొట్టిపారేయక్కర్లేదు. పాతికేళ్లకే పిల్లల పని అయిపోయిన మనిషికి ఆ తర్వాత పాతికేళ్ల నెలసరి ఉంటుంది. ఆ కాలంలో ఫైబ్రాయిడ్ గడ్డలో, గర్భాశయ గోడ మందమయ్యే అడినోమయోసిస్సో, థైరాయిడో వస్తే ఆమెకి గుర్తున్న ఒకే మైలురాయి ఆ ఆపరేషను. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆపరేషనయ్యాక ఆరోగ్య శాఖకి ఆమెతో పని అయిపోతుంది. ఏఎన్ఎం పుస్తకంలో ఆమె పేరు మీద మరో గడి ఉండదు.

ఉద్దానంలో ఈ నడిమి కాలానికి ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. దానికోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడి జీడిపప్పు బట్టీల్లో పొద్దస్తమానం కూర్చుని పిక్కలు కొట్టేది, పొట్టు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. కూలి పోకూడదు కాబట్టి నెలసరి నొప్పికి ఓ పెయిన్‌కిల్లరు, నడుంనొప్పికి డైక్లోఫెనాక్ సూది. ఎప్పుడో ఒకటి వేసుకుంటే అందరికీ ముప్పు లేదు. కానీ కిడ్నీ అప్పటికే దెబ్బతిని ఉంటే ఇవి దాన్ని ఇంకా పాడుచేస్తాయి, దెబ్బతిన్న సంగతి చాలాకాలం పైకి తెలియదు. ఈ మండలాల్లో నెలసరి నొప్పికి మందు రాసేముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడటం, గర్భిణి మొదటి పరీక్షలో దాన్ని కలపడం పెద్ద ఖర్చు కాదు. కిడ్నీ జబ్బుతో గర్భం వస్తే రక్తపోటు విషమించే ముప్పు ఎక్కువ. ఆ గర్భిణిని మొదటి నెలల నుంచే పెద్ద డాక్టరు చూడాలి.

చదువుకునే అమ్మాయిల్లో అండాశయాల్లో నీటిబుడగలు, పీసీఓఎస్ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినబడుతోంది. నెలసరి తప్పడం, మొటిమలు, బరువు. మందుల కంటే ముందు నడక, నిద్ర, తిండి. స్కానింగులో బుడగలు కనబడినంత మాత్రాన అది జబ్బు కాదన్న మాట చాలు. దీనిమీద రాసేవాళ్లు ఎక్కువయ్యారు గనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇక గర్భసంచి ఆపరేషను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, మిగతావి అనంతపురం, మహబూబ్‌నగర్. పేదవాడికి పెద్ద ఆపరేషను ఉచితంగా దొరికింది, ఎందరో బతికారు. అదే కాలంలో ఆపరేషన్‌కి డబ్బొచ్చి మాత్రకి డబ్బు రాని లెక్క కూడా మొదలైంది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద మెదక్ జిల్లాలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఊళ్లలో తిరిగి చేసిన పని అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని కదిలించింది. ఈ ఆపరేషన్‌కు పథకంలో పగ్గాలు వేయాల్సి వచ్చింది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు కూలీల సంగతి 2019లో బయటపడ్డప్పుడు, సర్వే చేసిన 82 వేల మంది ఆడవాళ్లలో 13 వేల పైచిలుకు మందికి గర్భసంచి లేదని తేలింది. అక్కడ రోజు పోతే జరిమానా. ఇక్కడ జరిమానా లేదుగాని రోజు పోతే కూలి పోతుంది.

ఈ వ్యవహారంలో డాక్టర్ని దొంగని, ఆడమనిషిని అమాయకురాలిని చేసి రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. నాకు ఆ బొమ్మ సరిగా కుదరదనిపిస్తుంది. ఆమె లెక్క ఆమెకుంది. "పిల్లలైపోనారు, ఆపరేషనైపోనాది, ఇంక ఆ సంచితో పనేటి?" ఏళ్ల తరబడి నెలకు వారం రోజులు రక్తం, ఆ వారం బయట ఉండటం, పూజకి దూరం, మడికి దూరం, కూలికి దూరం. మందులతో తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు, చెప్పినా ప్రతి నెలా పట్నానికి చార్జీలు ఎవరిస్తారు? ఒక్కసారి నలభై వేలో యాభై వేలో అప్పు చేస్తే పీడ విరగడవుతుందనుకుంటుంది. దానికి ఆర్ఎంపీ ఓ మాట కలుపుతాడు, "ఉంచితే కేన్సరైపోద్ది" అని. గర్భాశయ ముఖద్వారం మీద చిన్న పుండులాంటి ఎరుపు చూపించి కాన్సరు భయం పెట్టడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన వ్యాపారం. నిజంగా కాన్సరు భయమైతే చేయాల్సింది ముఖద్వార పరీక్ష. 2019–21 సర్వేలో, దేశంలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో ఆ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరు.

ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్లు లేకపోలేదు. పెద్ద ఫైబ్రాయిడ్లు, మందులకు లొంగని అడినోమయోసిస్, కాన్సరు, చేపల గంపలూ కట్టెల మోపులూ మోసి మోసి గర్భసంచి జారిపోయిన పెద్దవయసువాళ్లు. జారినవాళ్లలో కూడా కొందరికి రింగుతో, కటి కండరాల వ్యాయామంతో గడుస్తుంది. మిగిలిన చాలామందికి మధ్య మెట్లు ఉన్నాయి. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, అన్నిటికంటే మేలుగా పనిచేసే హార్మోను లూపు. కాపర్ టీతో రక్తం పెరగొచ్చు, ఈ లూపుతో తగ్గుతుంది. గర్భాశయంలోనే కొద్దికొద్దిగా హార్మోను వదులుతూ అయిదేళ్లకు పైగా రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో అది ఉంది. మన ప్రభుత్వ కుటుంబ నియంత్రణ పద్ధతుల బుట్టలో మాత్రం లేదు. బయట కొనాలంటే వేలల్లో. ఆపరేషన్‌కి వేలకు వేలు కట్టే పథకం, అందులో ఒక వంతు ఖర్చయ్యే లూపుకి కట్టకపోవడం ఎంత వింత!

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిపోయినట్టు. ఒంట్లో ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముప్పు. అండాశయాలు ఉంచినా కొందరికి అవి మామూలుకంటే ముందే పనిచేయడం మానేస్తాయి. నాలుగేళ్ల తర్వాత మోకాళ్లనొప్పులతో వచ్చిన మనిషిని "అండాశయాలు ఉన్నాయా, తీశారా" అని అడిగితే తెలియదంటుంది. డిశ్చార్జి కాగితం ఎక్కడో పోయింది, తీసిన సంచి బయాప్సీ రిపోర్టు ఇవ్వనే లేదు. ఆపరేషన్ తప్పనప్పుడు కూడా ఆ రెండు కాగితాలూ పట్టుబట్టి తీసుకుని, రేషన్ కార్డుతో పాటు దాచుకోవాలి.

2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పునిచ్చింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. వాటి ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ చేసిన ఆపరేషన్ల లెక్క చెప్పాలి, ముఖ్యంగా నలభై నిండనివాళ్లకి చేస్తే కారణం రాయాలి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కమిటీలు ఆ లెక్కను మండలాల వారీగా, ఆసుపత్రుల వారీగా మూడు నెలలకోసారి బయటపెడితే చాలు. ఏ ఊళ్లో ముప్పై అయిదు లోపువాళ్లు ఈ ఆపరేషన్‌కి ఎక్కువగా పట్నం పోతున్నారో తెలిసిన రోజున, ఆ ఊరి సబ్‌సెంటరుకి ఏ మందు పంపాలో, ఏ వారం లేడీ డాక్టర్ని పంపాలో జిల్లా వైద్యాధికారికి ఎవరూ చెప్పక్కర్లేదు.